గేటు దాకా వచ్చిన అన్నయ్య

మతిమరుపు ముదిరిన మా అన్నయ్య ఈ రోజు పొద్దున "ఇంటికి పోతున్న" అంటూ మా ఇంట్లోంచే వెళ్ళిపోయాడు. ఏ ఇంటికో నాకు అర్థమైంది. మేం పుట్టి పెరిగిన అశోక్ నగర్ ఇంటికి. ముప్ఫై ఏళ్ళుగా అటు వెళ్ళని నేను నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా గల్లీగల్లీ వెతుక్కుంటూ నడిచాను. మా ఇంటి స్థలంలో ఇప్పుడు కోచింగ్‌కు వచ్చే ఆడపిల్లల హాస్టల్ ఉంది. ముందు గుర్తుపట్టక దాటిపోయాను కూడా.

వెనక్కొచ్చి గేటు దగ్గర వార్డెన్‌ను అడిగాను.

"ఒక పెద్దాయన వచ్చిండమ్మా. నన్ను చూసి 'అమ్మా, తలుపు తియ్యి' అన్నడు. ఆడపిల్లలుండే జాగ కద, ఎట్ల రానిస్త? పంపించేసిన."

"ఎటు పోయిండక్కా?"

"ఇల్లు ఈ గల్లీలనే ఉండాలె అనుకుంట ముందుకు పోయిండు."

మతిమరుపు మనిషి తిన్నగా ఇంటికే వచ్చాడు చూడండి. దాటిపోయింది నేను.

పోలీసులకు చెప్పాం. చీకటి పడింది, ఇంకా దొరకలేదు. నీలం చారల చొక్కా, చేతిలో గొడుగు. కనిపిస్తే దయచేసి ఎక్కడైనా కూర్చోబెట్టి ఇక్కడ కామెంట్ పెట్టండి. ఇంటి అడ్రసు మాత్రం అడగకండి. తడుముకోకుండా చెప్తాడు. మిమ్మల్ని మళ్ళీ ఆ గేటు దగ్గరికే తీసుకెళ్తాడు.