చెల్లె పేరుకు ఎదురుగా నా సంతకం

మా చెల్లె రాజకుమారికి హార్మోనియం మా నాయిన నేర్పాడు. నాయిన పేరు సదయ్య, గోదావరిఖని గనిలో బొగ్గు నింపే ఫిల్లరు. శనివారం శనివారం మా కాలనీ భజన మండలిలో ఆయనే హార్మోనియం వాయించేవాడు. రాగాల పేర్లు ఆయనకు తెలియవు. ఏ మెట్టు మీద ఏ వేలు పడాలో తెలుసు, అంతే. చెల్లెను ఆరేండ్లప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని దాని వేళ్ల మీద తన వేళ్లు పెట్టి నొక్కించేవాడు. నాకూ నేర్పాలని చూశాడు. నా చెయ్యి డోలక్‌కు తప్ప దేనికీ పనికి రాలేదు. ఐదో తరగతితో బడి మానేశాను, పెద్దయ్యాక నాయిన లాగే గనిలో చేరాను. చెల్లె ఇంటర్ దాకా చదివింది.

పెండ్లయిన మూడేండ్లకే దాని భర్త జబ్బు చేసి పోయాడు. అప్పటికి నాయిన కూడా లేడు. తిరిగి మా క్వార్టర్‌కే వచ్చింది. వచ్చిన ఏడాదే కాలనీలోని ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచరుగా చేరింది. పదకొండేండ్లు చేసింది. పొద్దున ప్రార్థన, పంద్రాగస్టు పాటలు, బడి పండుగనాడు పిల్లల కోలాటం, అన్నీ దాని చేతి మీదుగానే నడిచేవి. కాలనీలో దాన్ని రాజకుమారి అని పిలిచేవాళ్లు లేరు. కూరగాయల సారవ్వ కూడా పాటల టీచరమ్మ అనే పిలిచేది. ఆ పిలుపు వింటే చెల్లె నడక మారేది. నేను చాలాసార్లు చూశాను.

రెండు వేల ఆరు ఏప్రిల్‌లో, సెలవులు ఇచ్చే ముందు, బడి కరస్పాండెంట్ సదానందం దాన్ని పిలిచాడు. నన్ను కూడా రమ్మన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు.

"అన్నా, నీ ముందట చెప్తున్న," అన్నాడు. "మే నెలల కరీంనగర్‌ల సంగీతం టీచర్లకు కోర్సు పెడుతున్నరు. పన్నెండు దినాలు. పాస్ ఫేల్ లేదు, కూసుండి నేర్చుకునుడే. ఆఖరి దినం సర్టిఫికెట్ ఇస్తరు. ఆ కాగితం తెస్తే టీచరమ్మ జూన్‌ల మళ్ల వస్తది. తేకపోతే నా చేతుల లేదు."

"పదకొండేండ్ల సంది చేస్తున్నది కద సదానందం," అన్నాను.

"చేస్తున్నది. ఎవలన్న తనిఖీకి వస్తే పదకొండేండ్లు ఏడ చూపియ్యాలె? కాగితం చూపియ్యాలె."

చెల్లె సంబరపడ్డది. పోతానన్నది.

మే నెల ఎండ సంగతి రామగుండం దిక్కు ఉన్నవాళ్లకు చెప్పనక్కర లేదు. పొద్దున ఎనిమిదికే రోడ్డు మీద కాలు పెట్టనియ్యదు. చెల్లె ఆరున్నర బస్సుకు పోయేది. సంచిలో ఒక ఉల్లిగడ్డ, సీసాలో మజ్జిగ, తడిపిన తువ్వాల, నోటుబుక్కు. సాయంత్రం ఏడు దాటాక దుమ్ము కొట్టుకున్న మొహంతో దిగేది. ఆ మొహంలో అలసట ఉండేది కాదు. నేను ఆ వారం మొదటి షిఫ్టు. ఇంటికొచ్చి, మా తల్లి అవ్వకు అన్నం పెట్టి, వాకిట్లో నీళ్లు చల్లి దాని కోసం చూసేవాణ్ని. నా భార్య పూలమ్మ తమ్ముని పెండ్లి ఉందని జైపూర్ దిక్కు తల్లిగారింటికి పోయి ఉన్నది.

మూడో రోజు చెల్లె చెప్పులు విడవకుండానే అన్నది:

"అన్నా, నాయిన భజనల మొదలువెట్టేది గుర్తున్నదా? దానికి పేరున్నదట. మోహన రాగమట."

"నాయినకు తెల్వదాయె," అన్నాను.

"తెల్వకుంటనే సరిగ్గ వాయించిండు. నేను ఇయ్యాల సార్ ముంగట వాయించిన. ఎవల దగ్గర నేర్చుకున్నవమ్మా అన్నడు. ఫిల్లర్ సదయ్య దగ్గర అన్న."

మా అవ్వ ఐలవ్వ గోడకు ఆనుకుని వింటున్నది. "ఫిల్లర్ అని ఎందుకు చెప్పినవే, భజన సదయ్య అనకపోయినవా," అన్నది. ముగ్గురం నవ్వుకున్నాం.

స్వరాలు రాయడం చెల్లెకు కొత్త. చెవితో విని వేళ్లతో పట్టుకోవడమే దానికి తెలుసు. ఇప్పుడు ఒక పాటను కాగితం మీద పెట్టొచ్చు. ఎన్నడూ వినని పాటను కాగితం చూసి పాడొచ్చు. ముప్పయి ఎనిమిదేండ్ల మనిషి బడిపిల్లలాగా నాకు నోటుబుక్కు చూపించేది. నాకేమీ అర్థం కాకపోయేది. బాగుంది అనేవాణ్ని.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున అవ్వకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఎండదెబ్బ. ఆటోలో వేసుకుని కంపెనీ దవాఖానకు తీసుకపోయాం. ఆడవాళ్ల వార్డులో మంచం ఇచ్చి సెలైన్ ఎక్కించారు. నర్సమ్మ నన్ను చూసి, "దగ్గర ఆడమనిషి ఉండాలె. మొగోళ్లు బయట ఉండుండ్రి," అన్నది. ఆమె తప్పేముంది. అక్కడ పది మంది ఆడవాళ్లు పండుకుని ఉన్నారు.

వరండాలో నిలబడి చెల్లె గడియారం చూసింది. బస్సు టైమైంది.

"ఒక్క దినమే కద అన్నా. పోనియ్యి," అన్నది.

పోనియ్యి అనే మాటకు నేను ఒప్పుకోలేదు. అదెందుకో చెప్పాలి.

గనిలో ఒకరు డ్యూటీకి రాకపోతే ఆ జాగలో ఇంకొకరు దిగుతారు. అతన్ని బదిలీ అంటారు. నేను బదిలీ ఫిల్లర్‌గానే చేరాను. పొద్దున్నే పోయి ఆఫీసు కిటికీ ముందు నిలబడాలి. ఎవరైనా రాకపోతే మనల్ని పిలుస్తారు. వాళ్ల బదులు మనం బొగ్గు నింపాలి. సంవత్సరంలో ఇన్ని రోజులు దిగితేనే పర్మినెంట్ చేస్తారు. డ్యూటీకి పోకపోతే నాగ పడిందంటాం. ఒక ఏడాది నాకు టైఫాయిడ్ వచ్చి లెక్కలో నాలుగు రోజులు తక్కువయ్యాయి. ఆ నాలుగు నాగలకు ఇంకో ఏడాది ఆ కిటికీ ముందు నిలబడ్డాను.

"నాగ పడనియ్యొద్దు రాజీ," అన్నాను. "ఎనిమిది దినాల కష్టం మట్టిల కలుస్తది. నేను పోత."

"నువ్వు పోయి ఏం చేస్తవ్?"

"కూసుంట. జాగ ఖాళీ ఉండొద్దు. బోర్డు మీద రాసింది రాసుకొస్త."

చెల్లె నవ్వింది. లోపల అవ్వ మళ్లీ వాంతి చేసుకున్న చప్పుడైంది. చెల్లె సంచిలోంచి నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టి లోపలికి ఉరికింది. అది కూడా గని కాలనీలో పుట్టిన మనిషే. ఒకరి బదులు ఒకరు పోవడం దానికీ వింతగా అనిపించలేదు. ఆ రోజు నా డ్యూటీకి నేను నాగ పెట్టాను. దాని నాగ తప్పించడానికి.

కరీంనగర్‌లో ఒక బడి గదిలో ముప్పయి మంది దాకా టీచర్లు బెంచీల మీద ఉన్నారు. ఆడవాళ్లు ఎక్కువ. నేను వెనక కూర్చున్నాను. పాఠం చెప్పే పెద్ద సారు పేర్లు పిలిచాడు. రాజకుమారి అనగానే లేచి నిలబడ్డాను.

"వచ్చిన సార్."

సారు కండ్లద్దాలు సర్దుకున్నాడు. "మీరు రాజకుమారా?"

"ఆమె అన్నను సార్. ముత్యం. మా అవ్వకు పానం బాగలేదు. చెల్లె దవాఖానల ఉన్నది. ఆమె బదులు బదిలీ వచ్చిన."

గదంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. "గోదావరిఖని నుంచి ఇంత ఎండలో వచ్చారా? కూర్చోండి," అన్నాడు. ముందు బెంచీలో ఉన్న రమ అనే టీచరు వెనక్కి తిరిగి, "అన్నా, పాట గిట్ల పాడుమంటే పాడుతవా?" అన్నది. "డోలక్ కొడుత అమ్మా," అన్నాను. మళ్లీ నవ్వారు. అంత మంచిగా చూసుకున్నారు నన్ను.

రిజిస్టర్ బెంచీల మీదుగా నా దగ్గరికి వచ్చింది. చెల్లె పేరుకు ఎదురుగా ఎనిమిది గళ్లలో ఎనిమిది సంతకాలు, ముత్యాల్లాగా ఒక్క తీరు ఉన్నాయి. తొమ్మిదో గడిలో దాని పేరు రాయడానికి నా మనసు ఒప్పలేదు. అది దొంగతనం. గనిలో బదిలీ ఎవరో వాళ్ల పేరే రాస్తారు. కాబట్టి నా పేరే రాశాను. ముత్యం, బదిలీ. గడి చిన్నది. అక్షరాలు పక్క గడిలోకి కొంచెం పోయాయి.

సాయంత్రం దాకా బోర్డు మీద ఉన్నదంతా రాసుకున్నాను. తిరిగొచ్చి వార్డు కిటికీ దగ్గర నిలబడి చెల్లెకు పుస్తకం ఇచ్చాను. అవ్వ నిమ్మళంగా పండుకున్నది. చెల్లె పుస్తకం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"అన్నా, స్వరాల మీద చుక్కలు ఉంటయి. కింద చుక్కలు ఉంటయి. అవేవి?"

"చాక్‌పీసు రాలిందనుకున్న," అన్నాను.

అంత నవ్వు దాని మొహం మీద మళ్లీ చూడలేదు.

ఆ రాత్రే అవ్వను ఇంటికి పంపించారు. మిగిలిన మూడు రోజులు చెల్లె పోయింది. పన్నెండో రోజు ఆదివారం, నాకు రెస్టు. అవ్వ కోలుకున్నది. పక్క క్వార్టర్ సమ్మవ్వను దగ్గర కూర్చోబెట్టి చెల్లెతోపాటు నేనూ పోయాను, సర్టిఫికెట్ తీసుకుంటుంటే చూద్దామని. చెల్లె బడి పండుగకు కట్టే పసుపు చీర కట్టింది. ఒక్కొక్కరి పేరు పిలుస్తున్నారు. చప్పట్లు కొడుతున్నారు. రమ పోయి తెచ్చుకున్నది. పేర్లు అయిపోయాయి. కుర్చీలు మడుస్తున్నారు. చెల్లె ఇంకా ముందుకు వంగి కూర్చునే ఉన్నది.

కోర్సు చూసే అధికారి పేరు వేణుమాధవ్. ఆయన గదిలోకి పోయాం. ఆయన రిజిస్టర్ తెరిచి నా సంతకం మీద వేలు పెట్టాడు.

"ఇదేంటమ్మా?"

"నా సంతకం సార్," నేనే చెప్పాను. "దొంగ సంతకం కాదు. నా పేరే రాసిన."

"అదే చిక్కు. ఒకరి బదులు ఇంకొకరు హాజరైనట్టు మా రిజిస్టరే చెప్తోంది. ఈ పుస్తకం పైకి పోతుంది. దీని మీద నేను సర్టిఫికెట్ ఎట్లా ఇవ్వను?"

"కొట్టేయుండ్రి సార్. ఆ దినం నాగ వెయ్యుండ్రి."

"కొట్టివేత ఉంటే ఇంకా అనుమానపడతారు." ఆయన చెల్లె వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఒక్క రోజు సెలవు ఇచ్చే వీలుందమ్మా. తల్లికి బాగాలేదని మర్నాడు చీటీ రాసిచ్చినా సరిపోయేది. గడి ఖాళీగా ఉంటే నేనే సెలవు అని రాసేవాణ్ని."

గడి ఖాళీగా ఉంటే సరిపోయేది. ఆ మాట నేను రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. ఆయన రెండుసార్లూ అదే చెప్పాడు. నేను ఆ రోజు దవాఖాన చెట్టు కింద పండుకుని ఉంటే చెల్లె చేతిలో కాగితం ఉండేది.

చేతులు జోడించాను. తప్పు నాదని, నన్ను ఏమన్నా చేయమని అన్నాను. ఆయన మాత్రం నన్నేం చేస్తాడు. గనిలో అయితే యూనియన్ పిట్ సెక్రటరీ దగ్గరికి పోతాం, మేనేజర్‌తో మాట్లాడిస్తాం. ఇక్కడ ఎవరి దగ్గరికి పోవాలో నాకు తెలియదు. ఆయన కాళ్ల మీద పడబోయాను. చెల్లె నా భుజం పట్టుకుని లేపింది.

"నడువు అన్నా. సార్‌కు ఇంకా పనులున్నయి."

బస్సులో కిటికీ రేకు కాలుతున్నది. సుల్తానాబాద్ దాటాక నేనే అన్నాను, "తిట్టు రాజీ."

"ఏమని తిట్టాలె? నోటుబుక్కు నేనే ఇచ్చిన కద," అన్నది.

మర్నాడు నేను సదానందం ఇంటికి పోయాను. జరిగిందంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "అన్నా, నిన్ను ఎవలు పొమ్మన్నరే," అన్నాడు. జూన్ రెండో వారంలో బడి తెరిచినప్పుడు మా చెల్లె జాగలో, కోర్సు సర్టిఫికెట్ ఉన్న ఆ రమను పెట్టుకున్నాడు. ఆమె మంచి పిల్ల. స్వరాలు చూసి పాడుతుంది. హార్మోనియం అంతగా రాదు. వారం తిరగకముందే మా ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడ్డది.

"అక్కా, ప్రార్థన ఏ సుతిల ఎత్తుకుంటవే? పిల్లలు నా గొంతుకు వస్తలేరు. అడగడానికి మొహం చెల్లుత లేదు, అయినా వచ్చిన."

చెల్లె ఆమెను లోపలికి పిలిచింది. హార్మోనియం పెట్టె తెరిచి, ఆమె వేళ్ల మీద తన వేళ్లు పెట్టి నొక్కించింది. గంటసేపు నేర్పింది. రమ పోయాక నేను బీడీ పడేసి లేచాను.

"సదానందాన్ని మళ్ల ఒకసారి అడిగొస్త," అన్నాను. "పిల్లలు ఆమెకు వస్తలేరట కద."

"ఎవల దగ్గరికి పోకు అన్నా," అన్నది చెల్లె. గొంతులో కోపం లేదు. "ఇంక నా కోసం ఏడికి పోకు."

నేను కూర్చున్నాను. చెల్లె హార్మోనియం మీద గుడ్డ కప్పింది.

"వచ్చే ఎండాకాలం మళ్ల పెడుతరట కోర్సు," అన్నది.

"పోదువు."

"అవ్వకు మళ్ల గట్లనే అయితే?"

అవ్వ మంచంలో అటు తిరిగి పండుకుని ఉన్నది. నిద్రపోయిందో, వింటున్నదో తెలియదు. రెండో షిఫ్టు టైమైంది. బూట్లు తొడుక్కుని డ్యూటీకి పోయాను.