నాయిన కంట్లో పొర, నా నోట్లో పాఠం

మా నాయిన చూపు తగ్గిందని మొదట బయటపెట్టింది ఒక చీర. చుట్టూ మనుషులం ఇంతమందిమి ఉండి ఏం లాభం, మాకెవరికీ తెలియలేదు. అమరచింతలో మా ఇంటి ముందు గదిలో గుంత మగ్గం మీద నలభై ఏళ్లకు పైగా గద్వాల చీరలు నేస్తున్న మనిషి ఆయన. పోగు తెగితే తల వంచకుండానే వేళ్లతో వెతికి పట్టుకుని అతికేస్తాడు. వేళ్లు అంత పని చేసిపెడుతుంటే కళ్ల సంగతి ఎవరు అడుగుతారు?

ఆ చీర ముదురు నీలం. సగం నేత అయ్యాక అమ్మ నూలు చుట్టిన కండెలు అందించడానికి వెళ్లి, బట్టను చూసి, నాకు కబురు పంపింది. నేను వెనక వీధిలోనే ఉంటాను. ఆత్మకూరులో ఒక బడిలో జీవశాస్త్రం చెబుతాను. వెళ్లి చూస్తే నీలం చీర మధ్యలో మూరెడు మేర నల్లటి పట్టీ. నీలి కండె అయిపోగానే నాయిన నల్ల కండెను, అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టుకుని హాయిగా నేసుకుంటూ పోయాడు.

"నాయినా, ఇది నలుపు" అన్నాను.

"నీలమే. నీకే అద్దాలు రావాలె" అన్నాడు.

పట్టుబట్టి ఆ చీరను అలాగే పూర్తి చేశాడు. నూలు ఇచ్చి చీరలు తీసుకునే సావుకారి దాన్ని వెనక్కి పంపుతూ, "పెద్దాయనా, ఇగ జర రెస్టు తీసుకోండ్రి" అన్నాడట. ఆయన మర్యాదగానే అన్నాడు. కానీ ఆ మాటకు నాయిన మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మగ్గం దిగమన్న మాట ఆయన చెవిన పడడం అదే మొదటిసారి. ఆ తర్వాత అమ్మ కండెలను తన దగ్గరే పెట్టుకుని ఒక్కొక్కటే అందించడం మొదలుపెట్టింది. రంగు తప్పకుండా పని సాగింది. అలా రెండేళ్లు గడిచాయి.

సంగతి నాకు ఆ మొదటి రోజే అర్థమైంది. వయసు మీద పడ్డాక కంట్లో కటకం పచ్చబడి మసకబారుతుంది. నీలి వెలుతురును సరిగ్గా లోపలికి రానివ్వదు. అందుకే ముదురు నీలం నల్లగా కనిపిస్తుంది. అదే శుక్లం. దానికి మందు లేదు, ఆపరేషన్ ఒక్కటే దారి. ఇదంతా మగ్గం పక్కన నిలబడి, చేతిలో సుద్దముక్క లేని లోటు తప్ప, తరగతిలో చెప్పినట్టే చెప్పాను. నాయిన పూర్తిగా విన్నాడు.

"పొర ఇంక ముదరలేదు బిడ్డా. ముదిరినంక తీయాలె" అన్నాడు.

సీతాఫలం ఎప్పుడు పండుతుందన్న దాని గురించి కూడా ఆయన అంత నమ్మకంగా మాట్లాడడు. పొర ముదరాలన్న మాట పూర్తిగా గాలి కబురు కాదు. పాతకాలం ఆపరేషన్లకు అలా ఆగేవాళ్లు. ఇప్పుడు కటకాన్ని లోపలే కరిగించి, చిన్న గాటు గుండా తీసేసి, కొత్తది పెడుతున్నారు. ముదిరే కొద్దీ గట్టిపడి పని కష్టమవుతుంది తప్ప సులువు కాదు. వైద్యం మారిపోయింది, మాట మాత్రం మా వీధి అరుగుల మీద అలాగే కూర్చుని ఉంది.

అసలు మా వీధిలో డాక్టరు కాని మనిషి ఎవరు? ఎదురింటి అత్త పొన్నగంటి కూర కట్టలు తెచ్చిపడేసింది. ఇంకొకాయన రోజుకు నాలుగు క్యారెట్లు నమలమన్నాడు. నాయినకు పళ్లు కూడా అంతంతమాత్రమే కాబట్టి అమ్మ వాటిని తురిమి పెట్టేది. క్యారెట్‌లో, ఆకుకూరల్లో కంటికి కావలసిన విటమిన్ ఉన్న మాట నిజమే. అది తక్కువైన పిల్లలకు రేచీకటి వస్తుంది, తింటే తగ్గుతుంది. మసకబారిన కటకం మాత్రం క్యారెట్‌ను చూసి సిగ్గుపడి తేటబడదు. ఈ ముక్క చెబితే ఎదురింటి అత్త నన్ను జాలిగా చూసి, "సదువుకున్నోళ్లకు ఆకుకూరల ఇలువ తెల్వదు" అంది.

వీటన్నిటికంటే పెద్ద డాక్టరు ఫోను. అందులో ఒకతను తెల్ల కోటు వేసుకుని, తేనెలో ఉల్లిరసం కలిపి కంట్లో చుక్కలు వేసుకుంటే పదిహేను రోజుల్లో అద్దాలు పారేయొచ్చని చెబుతాడు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి నాయిన నులక మంచం మీద వెల్లకిలా పడుకుని, అమ్మ చేతిలో చెంచాతో సిద్ధంగా ఉన్నారు. ఆ రోజు నేను గొంతు పెంచాను. తేనె ఎంత మంచిదైనా కంట్లో వేసే మందుకు ఉండే శుభ్రత దానికి ఉండదని, కన్ను చెడితే తిరిగి రాదని అరిచాను. "మండితే మందు పనిచేస్తున్నట్టే కదనే" అంది అమ్మ. మండడమంటే కన్ను వద్దు మొర్రో అనడమని చెప్పి, చెంచా లాక్కుని, ఆ తేనె నేనే నాకేశాను. ఉల్లిరసం కలిసిన తేనెంత పాడు రుచి ఇంకోటి లేదు.

అన్నిటికన్నా ఘనమైనది మంచు వైద్యం. పొద్దున్నే పచ్చగడ్డి మీది మంచును ఒట్టి కాళ్లతో తొక్కితే చూపు పెరుగుతుందట. అరికాలుకూ కంటికీ నరం ఉందట. అలాంటి నరం ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నా, మా మెట్ట నేలల్లో పచ్చగడ్డి ఎక్కడిది? నాయిన ఆలోచించి, ఊరి బయట పల్లీ చేనును ఎంచుకున్నాడు. చలికాలం, చేను పచ్చగా, ఆకుల నిండా మంచు. మూడో రోజు చేను యజమాని పట్టుకున్నాడు.

"ఏందన్నా, పొద్దుగాల్నే నా చేన్ల ఏం చేస్తున్నవ్?"

"మంచు తొక్కుతున్న."

"పల్లికాయలు తొక్కుతున్నవ్."

పంచాయితీ ఇంటిదాకా వస్తుందని నేను భయపడుతుంటే, నాలుగు రోజుల తర్వాత ఆ యజమానే తన మోకాళ్ల నొప్పులకు పనికొస్తుందేమోనని నాయిన పక్కన మంచు తొక్కుతూ కనిపించాడు. నడక మంచిదే కాబట్టి నేనేమీ అనలేదు. ఆ ఏడు ఆయన పల్లీ దిగుబడి ఎలా ఉందో కూడా అడగలేదు.

ఇక నా శాస్త్రీయ ప్రయత్నం. ఒక ఆదివారం వంటింట్లో నాయినను కూర్చోబెట్టి, పచ్చిగుడ్డు గిన్నెలో కొట్టి చూపించాను. తెల్లసొన నీళ్లలా ఉంది కదా, కటకం కూడా చిన్నప్పుడు ఇలాగే తేటగా ఉంటుంది అన్నాను. ఇంకో గుడ్డు ఉడకబెట్టి, కోసి, ఇది తెల్లబడింది కదా, దీన్ని మళ్లీ పచ్చిగుడ్డు చేయగలమా, పొర కూడా అంతే అన్నాను. నాయిన ఉడికిన గుడ్డును అటూ ఇటూ తిప్పి, ఉప్పు అడిగి, తినేశాడు.

"మంచిగ చెప్పినవ్. చలికాలం రానీ" అన్నాడు.

చలికాలం వచ్చింది. చలికి కన్ను గుంజుతుందన్నాడు. ఎండాకాలం వస్తే చీము పడుతుందన్నాడు, వానాకాలం తేమ అన్నాడు. ఆపరేషన్ గదిలో ఏ కాలమైనా ఒకటేనని నేను, కాదని ఆయన. మూడు కాలాలూ రెండుసార్లు తిరిగి వచ్చాయి.

మధ్యలో నా బండారం కూడా బయటపడింది. నాకూ దగ్గరి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అద్దాలు పెట్టుకుంటే సైటు ఇంకా పెరుగుతుందన్న భయంతో ఏడాదిగా హాజరు పట్టీని చేయి చాచి దూరం పెట్టుకుని చదువుతున్నాను. అద్దాలు కంటిని పాడుచేయవని, నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం వయసు చేసే పనని నేనే పిల్లలకు చెబుతాను. నాయిన ఇది గమనించి, "టీచరమ్మకు ఇంక ముదరలేదేమో" అన్నాడు. మరుసటి రోజే వెళ్లి అద్దాలు తెచ్చుకున్నాను. ఆయన రాలేదు.

చివరికి పని చేసింది అమ్మ. ఆమెకు పాఠాలు రావు. ఒక పొద్దున తన కన్ను నీళ్లు కారుతోందని, వనపర్తి దవాఖానకు తోడు రమ్మని నాయినను అడిగింది. పెళ్లాం కన్ను అనేసరికి ఆయన ఏ కాలమని చూడకుండా చొక్కా వేసుకున్నాడు. నేనూ సెలవు పెట్టి వెళ్లాను. అక్కడ అమ్మను చూశాక, నా వయసే ఉన్న డాక్టరమ్మ, "వచ్చారు కదా, మీరూ కూర్చోండి" అని ఆయన గడ్డాన్ని మిషను మీద పెట్టించింది.

"రెండు కళ్లలోనూ ఉంది. కుడికన్నులో బాగా ముదిరింది. ఇంకా ఆగితే చేయడం కష్టమవుతుంది" అంది.

నేను నోరు తెరవబోయాను. కటకం, వెలుతురు, గుడ్డు, అన్నీ గొంతులోకి వచ్చి ఉన్నాయి. నాయిన చేయి అడ్డం పెట్టాడు.

"ఒక్క మాట జెప్పు తల్లీ. ఆపరేషన్ అయినంక నేను మగ్గమెక్కొచ్చా, ఎక్కొద్దా?"

"ఎందుకెక్కకూడదు? నాలుగు వారాలు నీళ్లు, దుమ్ము పడకుండా చూసుకోండి, చుక్కలు వేసుకోండి. ఒకసారి వచ్చి చూపించుకుని మగ్గమెక్కండి."

"నాలుగు వారాలేనా?"

"అంతే."

ఆయన నా వైపు తిరిగాడు.

"మా కింది వీధాయనకు ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి వచ్చేసరికి కొడుకులు మగ్గం పీకి కిరాణం పెట్టిండ్రు. కండ్లకు పని చెప్పొద్దన్నరంట. నాకు గదే పరేషాను. రెండేండ్ల సంది కోడిగుడ్డని, లెన్సని ఎన్నో చెప్తివి బిడ్డా. ఈ ఒక్క ముక్క చెప్పకపోతివి."

నాకు నవ్వు రాలేదు. సిగ్గేసింది. ఆయన పొర ముదరాలన్నా, చలి అన్నా, ఎండ అన్నా, నేను ప్రతిదానికీ జవాబు చెప్పాను. ఏంటి నాయినా నీ భయం అని మాత్రం అడగలేదు. కుడికంటికి ఆపరేషన్ ఆ తర్వాతి వారమే అయిపోయింది. పట్టీ విప్పిన రోజు ఆయన ఇంటి గోడను చూసి, సున్నం ఎప్పుడు వేయించారని అమ్మను అడిగాడు. అది నాలుగేళ్ల నాటి సున్నం.

నాలుగు వారాలను నాయిన క్యాలెండరు మీద ఒక్కో రోజూ కొట్టేస్తూ గడిపాడు. డాక్టరమ్మ సరే అన్న మరునాడు తెల్లారగానే మగ్గం గుంతలోకి కాళ్లు జార్చి, సగంలో ఆగిన చీర మీద కప్పిన పాత దుప్పటి తీశాడు. నేను బడికి వెళ్తూ చూసిపోదామని ఆగాను. ఆయన నాడె అందుకోలేదు. బట్ట మీదికి వంగి చూస్తూ ఉండిపోయాడు. అంచు దగ్గర పోగులు వదులుగా ఉన్నాయి. రెండు మూడు చోట్ల ముడులు పైకే తేలాయి. ఒకచోట నిలువున సాగే పడుగు పోగు తెగిపోయి, అతకకుండానే జానెడు నేత సాగింది. ఆ వేళ్లు కూడా తప్పుతాయని నాకు అప్పుడే తెలిసింది.

నాయిన చిన్న కత్తెర తీసుకుని అడ్డంగా నేసిన పేకను కత్తిరించి, పోగు పోగుగా లాగడం మొదలుపెట్టాడు.

"గంత సన్నగ ఎవరికి కనవడ్తది, పోనియ్యరాదు" అంది అమ్మ.

"నాకు కనవడ్తది గద" అన్నాడు. కొంచెం ఆగి, తల ఎత్తకుండానే నన్ను అడిగాడు. "ఈ రెండేండ్లల్ల గిట్లాంటివి ఎన్ని పోయినయో బిడ్డా, నా చేతుల్లకెల్లి?"

రెండేళ్ల కిందటే నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అవేవీ పోయేవి కావు. బడికి ఫోను చేసి రాలేనని చెప్పి, బ్యాగు పక్కన పెట్టి, ఆయన లాగిన పోగులు ఏరుతూ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను.