మిరపకాయల మీద సముద్రం పుస్తకం

ఆ రోజుల్లో నేను కాకినాడ తీరాన పరిశోధన పడవ మీద గాలీ, అలలూ, నీటి వేడీ కొలిచి రాసేవాణ్ణి. నెల రోజుల కొలతలున్న పుస్తకం పట్టుకుని హైదరాబాదు వెళ్తుంటే, చిల్లకల్లు దగ్గర బస్సు పంక్చరైంది.

రోడ్డు పక్కన ఒకావిడ మిరపకాయలు ఆరబోసి, పడమటి మబ్బుకేసి దిగులుగా చూస్తోంది. నేను ఊరుకుంటానా?

"బంగాళాఖాతంలో తుఫాను లేవాలన్నా నన్నడిగే లేస్తుంది పెద్దమ్మా! మూడు రోజులదాకా చుక్క పడదు. కాయలెత్తకు," అన్నా.

"అట్టాగా బాబూ! అయితే ఆ పుస్తకం తెరిచి నా కాయల మీద పెట్టు. తడిస్తే రెండూ తడుస్తయ్."

మా వైపు గొప్పలు చెబితే నవ్వి ఊరుకుంటారు. ఇక్కడ పూచీ అడుగుతున్నారు! పుస్తకమంతా సిరా రాత. మబ్బుకేసి ఇంకోసారి చూశా. పుస్తకం చంకలో ఇరికించుకుని గోతం అందుకున్నా.

చివరి కాయదాకా ఇద్దరం ఎత్తేశాం. నా చేతులు భగ్గుమంటున్నాయి. బస్సు బయల్దేరేసరికి మబ్బు విడిపోయి ఫెళ్లున ఎండ కాసింది.

"ముందే చెప్పానా లేదా?" అని కిటికీలోంచి అరిచా.

ఆవిడ గోతాలు మళ్లీ కుమ్మరిస్తూ, "చెప్పావులే! నువ్వే నమ్మలా!" అంది.