గొంతు లేని డెమో క్లాసు

అమీర్‌పేట గోడలకు ఏ రంగు వేశారో ఎవరికీ తెలియని కాలం అది. గోడ కనిపిస్తే కదా తెలియడానికి. చెయ్యందినంత ఎత్తు వరకూ కంప్యూటర్ కోర్సుల పోస్టర్లు, వాటి మీద ఎదురు ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పోస్టర్లు. ఊళ్లనుంచి బస్సు దిగినవాళ్లంతా చేతిలో ఒక ఫైలు పట్టుకుని ఆ సందుల్లో తిరుగుతుండేవాళ్లు. వాళ్లకు జావా చెప్పే పని నాది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నేను వంటింట్లో గుసగుసలాడితే వీధి చివరి పాలాయనకు వినిపిస్తుందని తెనాలిలో మావాళ్లు వెక్కిరించేవాళ్లు. ఆ గొంతే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఎందుకంటే మా క్లాసు మూడో అంతస్తు పైన వేసిన రేకుల షెడ్డు. కరెంటు పోతే జనరేటరు మోత, ఉంటే ఫ్యాన్ల మోత. మైకు తన ఇష్టం వచ్చినప్పుడు పలికేది. రోజుకు నాలుగు బ్యాచులు, బ్యాచుకు నూరు మందికి పైనే. నేను పాఠం చెప్పేదాన్ని అనడం మర్యాదకే, నిజానికి అరిచేదాన్ని.

మా యజమానిని (ఆయన వెనకాల మాత్రమే) బ్యాచన్న అనేవాళ్లం. ఆయనకు కాలం నెలల్లో నడవదు, బ్యాచుల్లో నడుస్తుంది. "మా చిన్నోడు పుట్టింది విజువల్ బేసిక్ మూడో బ్యాచ్‌ల" అని ఒకసారి నిజంగానే అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయన కళ్లకు మేమంతా కుర్చీలు, బోర్డులతో పాటు సామానులాగే కనిపించేవాళ్లం. కుర్చీ విరిగితే మేకు కొట్టించేవారు. నా గొంతు బొంగురుపోతే వాళ్లింట్లో కాచిన మిరియాల కషాయం ఫ్లాస్కులో పోసి పంపించేవారు.

కషాయంతో రెండు నెలలు నెట్టుకొచ్చాను. ఒకరోజు పొద్దున్నే క్లాసులోకి వెళ్లి "గుడ్ మార్నింగ్" అన్నాను. "గు" మాత్రం బయటికొచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు కూడా రాలేదు. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిని మేమంతా ఆపా (ఉర్దూలో అక్క) అని పిలిచేవాళ్లం. ఆమె నన్ను ఆటో ఎక్కించి, పంజాగుట్టలో వాళ్ల కుటుంబానికి తెలిసిన గొంతు డాక్టరు సాబ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ పెద్దాయన నా నాలుక పట్టుకుని లోపలికి అద్దం పెట్టి చాలాసేపు చూశారు. స్వరపేటిక వాచి, చిన్న కాయలు కట్టిందట.

"దేఖో బేటా, పది రోజులు మాట బంద్. గుసగుస సుత బంద్" అన్నారు. "వినకుంటే ఆపరేషన్ అయితది. ఆ తర్వాత గీ గొంతు మళ్ల వస్తదో రాదో నేను చెప్పలేను."

మరి క్లాసులెలా అని అడగబోయి నోరు తెరిచాను. ఆయన పెదవుల మీద వేలు పెట్టుకుని, చీటీ రాసి నా చేతికిచ్చారు.

బ్యాచన్న ఆ చీటీని అటు తిప్పి ఇటు తిప్పి చదివారు. ఆపా పక్కన నిలబడి విషయమంతా వివరించింది. సోమవారం కొత్త బ్యాచు డెమో ఉందని ఆయన గుర్తుచేశారు. డెమో అంటే ఊరికే చెప్పే మొదటి క్లాసు. పిల్లలు నాలుగు చోట్ల విని, నచ్చినచోట చేరతారు. సరిగ్గా అదే గంటకు రోడ్డుకు అవతలి ఇన్‌స్టిట్యూట్‌లో, టై కట్టుకుని పాఠం చెప్పే లెక్చరర్ ఒకాయన డెమో ఉంది. ఆయనను తలుచుకుంటేనే బ్యాచన్నకు నిద్ర పట్టేది కాదు.

"నోరు మూసుకోమని డాక్టర్ చెప్పిండు, సరే. నోరు తెరిచేందుకే గదమ్మా నిన్ను పెట్టుకున్న" అన్నారాయన, చాలా మెత్తగా. "ఒక్క గంట చెప్పు. గంటకే గొంతు పోతదా?"

నేను సరేనని తల ఊపాను. (తల ఊపడానికి గొంతు అక్కర్లేదు, అదే నా కొంప ముంచింది.) కాదంటే ఇంకొకరు నా జాగాలో నిలబడతారని భయం. అమీర్‌పేటలో జావా చెప్పేవాళ్లకు కరువా?

ఆదివారం ఒక పలక కొనుక్కున్నాను. టిఫిన్ సెంటర్‌లో దాని మీద "రెండు ఇడ్లీ" అని రాసి చూపిస్తే, కౌంటర్ మీది పెద్దాయన జాలిగా చూసి, రెండు వేళ్లు చూపి, చేతులతో గుండ్రంగా ఇడ్లీ ఆకారం గీసి, ఔనా అన్నట్టు కనుబొమలెగరేశాడు. నాకు చెవులు బాగానే ఉన్నాయండీ అని రాసేసరికి ఇడ్లీలు చల్లారిపోయాయి. హాస్టలుకొచ్చి అద్దం ముందు నిలబడి "జావా" అని చిన్నగా అనిచూశాను. గొంతులో గాజుపెంకు గీసినట్టయింది. నిజంగా భయమేసింది. ఏడుద్దామంటే ఏడుపుకూ మోత ఉంటుందని గుర్తొచ్చి, దిండులో ముఖం పెట్టుకుని ఊరుకున్నాను.

సోమవారం షెడ్డు నిండిపోయింది, గోడల వెంట కూడా నిలబడ్డారు. మా మేడం గొంతంటే అమీర్‌పేట మొత్తం ఫేమస్ అని బ్యాచన్న గొప్పగా పరిచయం చేసి, మైకు నా చేతిలో పెట్టారు. ఎన్నడూ లేనిది ఆ రోజు మైకు ఖణేల్‌మంటోంది. నోరు తెరిచాను. అంతమంది ముఖాలు చూస్తుంటే ఒక్కటే అనిపించింది: వీళ్లు ఇంకో నెలకు ఉద్యోగాలు వెతుక్కుంటూ వెళ్లిపోతారు, ఈ గొంతు మాత్రం చచ్చేదాకా నాతోనే ఉండాలి. నోరు మూసేశాను. మైకు బల్ల మీద పెట్టి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: "డాక్టర్ నన్ను మాట్లాడొద్దన్నారు. ఈ క్లాసు మీరే చెప్పాలి."

ఇద్దరు లేచి వెళ్లిపోయారు. తలుపు దగ్గర బ్యాచన్న ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నేను బోర్డు వైపు తిరిగి అయిదు లైన్ల ప్రోగ్రాం రాశాను, కావాలనే తప్పులతో. రాసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరికి వెనక వరసలోంచి ఒకతను, మూడో లైన్ చివర సెమికోలన్ లేదన్నాడు. సుద్దముక్క అతని చేతికిచ్చాను. ఇంకొకతను బ్రాకెట్ సుత మూయలేదన్నాడు. కాదు, మూసే ఉందని వేరొకరు. అంతే, పదినిమిషాల్లో షెడ్డు చేపల మార్కెట్ అయింది. తప్పయితే తల అడ్డంగా, ఒప్పయితే నిలువుగా ఊపడమే నా పని. జావాలో క్లాసుకూ ఆబ్జెక్టుకూ తేడా ఏమిటని బోర్డు మీద రాస్తే, మొదటి వరసలో చిలకపచ్చ చుడీదార్ అమ్మాయి బెరుకుగా లేచింది.

"మా అమ్మ బట్టలు కుడ్తది. కొలతలు గీసుకునే కాగితం క్లాసు. దాన్ని పెట్టి కత్తిరించి కుట్టిన ఒక్కో జాకెట్టు ఒక్కో ఆబ్జెక్టు."

షెడ్డంతా చప్పట్లు. ఏడాదిపాటు నేను అరిచి అరిచి చెప్పిన ముక్క అది, ఒక్కసారి కూడా అంత బాగా చెప్పలేదు. ఇంతలో జనరేటరు మొదలైంది, ఎవరికీ వినిపించనే లేదు. ఆ గోలేమిటో చూద్దామని అవతలి డెమోలోంచి కూడా జనం మెట్లెక్కి వచ్చారు.

క్లాసు అయ్యాక అప్లికేషన్ ఫారాలు అయిపోయి, ఆపా జిరాక్సు తీయించడానికి పరిగెత్తింది. బ్యాచన్న చేటంత ముఖంతో వచ్చి, ఈ పద్ధతి మస్తుందని, రేపటి సంది అన్ని బ్యాచులకు ఇట్లనే చేద్దామని అన్నారు. నేను పలక తీసి, "రేపట్నుంచి పది రోజులు రాను. వచ్చాక రోజుకు రెండే బ్యాచులు" అని రాశాను. ఆయన పలక అందుకుని, తుడిచి (తన గొంతుకేమీ కాలేదన్న సంగతి మరిచిపోయి), "ఎనిమిది రోజులు, మూడు బ్యాచులు" అని రాసిచ్చారు. నేను తుడిచి "పది, రెండు" అని రాశాను. ఆయన పలక వంకా, మెట్ల మీది క్యూ వంకా చూశారు. "సరే" అని రాసి, అలవాటు కొద్దీ కింద సంతకం కూడా పెట్టారు. ఆ పలక చంకలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే, పట్టాభిషేకానికి పోతున్నట్టుంది నాకు.

పదకొండో రోజు డాక్టరు సాబ్ మళ్లీ అద్దం పెట్టి చూసి, కాయలు కరిగాయన్నారు. ఏదైనా మాట అనమన్నారు. ఎన్నో పెద్ద మాటలు దాచుకుని వెళ్లాను గానీ, "నమస్కారమండీ" అని వచ్చింది. మెత్తగా, నాకే కొత్తగా.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లెవరైనా ఒంట్లో బాగాలేదని నా గదిలోకి తటపటాయిస్తూ వస్తే, మాట పూర్తవకముందే ఇంటికి పంపేస్తాను. ఇంత తేలిగ్గానా అన్నట్టు చూసి వెళతారు. ఇంత తేలికైనదే కదా మరి. జబ్బు చేసినవాళ్లకు సెలవు గెలుచుకోవలసిన బహుమతి కాదని, ఆ ఇరవై నాలుగేళ్ల పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఒక్కోసారి నేనే చెబుదామనుకుంటాను. కానీ అంత గర్వంగా మెట్లు దిగుతున్న ఆ ముఖం గుర్తొస్తే, పోనీలే, ఇంకాసేపు గెలవనీ అనిపిస్తుంది.