చెప్పులు వేసుకునేటప్పుడు చెప్పే మాట

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేను. పిల్లిని పులి అనేంత అన్యాయం చేయను. కానీ మీసాలు కొంచెం పొడుగు చేస్తాను, తోక కొంచెం లావు చేస్తాను, ఆ తర్వాత వినేవాళ్లే దాన్ని పులి చేసుకుంటారు. కాబట్టి ఇందులో నేను చెప్పే లెక్కలన్నిటినీ నాలుగుతో భాగించుకోండి. మా ఆవిడ పదితో భాగిస్తుంది. ఇన్నేళ్లు నాతో కాపురం చేసింది, ఆ హక్కు ఆమెకు ఉంది.

బాన్సువాడ నుంచి నస్రుల్లాబాద్ వెళ్లే దారిలో ఒక రైస్‌మిల్లులో నేను గుమాస్తాను. ఇరవై రెండేళ్లుగా ఒకే గది, ఒకే కుర్చీ. దాని కాలు కింద మడిచిపెట్టిన అట్టముక్క నేను చేరినప్పటిది. కూర్చుని కూర్చుని ఆ కుర్చీలో పడ్డ గుంట ఎంత లోతంటే, నీళ్లు పెడితే నాట్లు వేయొచ్చు. మిల్లు వాళ్లది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. పెద్దాయన మోకాళ్లు మొరాయించాక మిల్లు ఆయన కూతురి చేతికి వచ్చింది. ఆ అమ్మాయి నన్ను చిన్నప్పటినుంచీ బాబాయ్ గారూ అనే పిలుస్తుంది. అంత మర్యాదగా పిలిచే మనిషికి కోపం వస్తే ఎక్కడ దాక్కోవాలో తెలియదు.

ఆ కోపం ఎందుకొచ్చిందో చెప్పాలంటే మా దగ్గరి ఒక పద్ధతి చెప్పాలి. మా వైపు పనిమీద వచ్చిన మనిషి పని సంగతి ముందు ఎత్తడు. వస్తాడు, కూర్చుంటాడు, తిన్నారా అని అడుగుతాడు. కాలువకు నీళ్లు వదిలారా, పిల్లలు ఏం చదువుతున్నారు, బర్రె ఈనిందా, అన్నీ అవుతాయి. చాయ్ అవుతుంది. అప్పుడు లేస్తాడు. గుమ్మం దగ్గర ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో చెప్పు కోసం కాలితో వెతుకుతూ, "అన్నట్టు, మర్చిపోయిన" అంటాడు. ఆ మర్చిపోయిన సంగతి కోసమే అతను ఎనభై కిలోమీటర్లు వచ్చాడు. అది అతనికి తెలుసు, నాకు తెలుసు, చాయ్ గ్లాసులు తీసేవాళ్లకూ తెలుసు. కూర్చున్న మనిషికి కుదరదని చెబితే మొహం చిన్నబోతుంది. చెప్పులు వేసుకుంటున్న మనిషి ఎలాగూ వెళ్తున్నాడు, కుదరదన్నా నొప్పి ఉండదు. నా ఇరవై రెండేళ్ల వ్యాపారమంతా ఆ గుమ్మం దగ్గరే జరిగింది.

ఇప్పుడు బియ్యం కొనేవాళ్లు గుమ్మం దాకా రావడం లేదు. ఎక్కడో పెద్ద ఊళ్లో కూర్చుని ఫోన్ ఎత్తుతారు. పోయిన ఏడాది ఒక లోడు వారం ఆలస్యమవుతుందని అలాంటి ఒకాయనకు చెప్పడానికి ఫోన్ చేశాను. ఆరోగ్యం అడిగాను. అక్కడ వానలు ఎలా ఉన్నాయని అడిగాను. ఆయన వినడానికి టైము లేదన్నాడు. సరే, తీరికగా ఉన్నప్పుడే చెబుదామని నేనూ పెట్టేశాను. ఆయనకు తీరిక దొరకలేదు, లోడు వేళకు చేరలేదు, ఆయన మా దగ్గర కొనడమే మానేశాడు.

అమ్మాయి నన్ను పిలిచి, కూర్చోమని, గొంతు పెంచకుండా చెప్పింది. ఊళ్లో కాలేజీలో ఆదివారాలు బిజినెస్ కమ్యూనికేషన్ కోర్సు పెడుతున్నారట. నా పేరు రాయించేసిందట. ఆరు వారాలు, చివర్లో పరీక్ష, పాసైతే సర్టిఫికెట్.

"సర్టిఫికెట్ తెచ్చుకోండి బాబాయ్ గారూ. లేకపోతే ఈ కుర్చీలోకి ఇంకెవరినైనా తీసుకోవాల్సొస్తుంది. మీకు కాంటా దగ్గర పని చూస్తాను."

కాంటా అంటే బస్తాలు తూచే చోటు. రేకుల కింద, పొట్టు దుమ్ములో. అక్కడ రోజంతా నిలబడాలి. నాకు నిలబడటం కన్నా, ఇరవై రెండేళ్లు నన్ను కుర్చీలో చూసినవాళ్లు నిలబడి ఉండగా చూస్తారనేదే ఎక్కువ భయం. ఆ రోజు అన్నం సగమే తిన్నాను. నేను సగం అంటున్నాను కాబట్టి ఎంత తిన్నానో మీరే లెక్కవేసుకోండి.

కాలేజీ బెంచీలు బక్కవాళ్ల కోసం చేయించినవి. వాటిలో ఇరుక్కోవడం నా వంతు, బయటికి లాగడం పక్కనున్నావిడ వంతు. ఆవిడది మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి వైపు, అప్పడాల వ్యాపారం. మాటల్లో సగం మరాఠీ. నన్ను దాదా, అంటే అన్నా, అనేది. పాఠం చెప్పే మేడం వయసు నా సర్వీసు కన్నా నాలుగైదేళ్లు ఎక్కువ, అంతే. తండాలో పుట్టి పెరిగింది. ఇంట్లో ఒక భాష, ఊళ్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. మూడు భాషల్లోనూ ఆమె చెప్పదలుచుకున్నది మొదటి వాక్యంలోనే అయిపోయేది. నాకు అది మంత్రవిద్యలా కనిపించింది.

మొదటి ఆదివారమే, సరుకు ఆలస్యమవుతుందని తెలియజేస్తూ ఉత్తరం రాయమంది. నేను ఆరు పేజీలు రాశాను. కుశల ప్రశ్నలు, వర్షాలు, వాళ్ల నాన్నగారి ఆరోగ్యం, మా నాన్నగారి ఆరోగ్యం. సంతకం పెట్టేశాక, కింద మిగిలిన జాగాలో, లోడు వారం లేటని చిన్నక్షరాలతో చేర్చాను. మేడం ఆ చివరి ముక్క చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'ఇదే ఫస్ట్ లైన్' అని రాసి ఇచ్చింది.

"అన్నా, మొదటి లైన్ల మతలబ్. రెండో లైన్ల కారణం. మూడో లైన్ల మనమేం చేస్తమో. అయిపోయె. గింతే."

మతలబ్ అంటే అసలు సంగతి. గింతే అంటే మాత్రం గింతే కాదు. ఇంటికొచ్చి మా ఆవిడ మీద ప్రయోగించి చూశాను. పొద్దున్నే, ఆమె పొయ్యి దగ్గర ఉండగా, నువ్వు బియ్యం కొనే సేటువి, నేను ఫోన్ చేస్తున్నాను అన్నాను. ఆమె గరిటె చెవి దగ్గర పెట్టుకుంది. గుండె చిక్కబట్టుకుని, మీ లోడు వారం లేటు అనేశాను.

ఆమె గరిటె దించేసింది. "గదేందయ్యా, మంచీ చెడ్డా లేకుండ గట్ల మొదలువెడితివి? ఎవరో పోయిండ్రనుకున్న."

నా భయం ఏమిటో అప్పుడు నాకు అర్థమైంది. మా వైపు మొదటి వాక్యంలో వచ్చే సంగతి ఒక్కటే, చావు కబురు. అది తప్ప దేన్నీ ఎవరూ అలా చెప్పరు. మేడం చెప్పినట్టు నోరు తెరిచినప్పుడల్లా ఎవరినో చంపుతున్నట్టు ఉండేది. వారాలు గడిచాయి, అదే వాక్యాన్ని నాలుగు వేల సార్లు అనుకున్నాను. గోడకు చెప్పాను, కాంటాకు చెప్పాను, బర్రెకు చెప్పాను. మనిషి ఎదురుగా కనిపిస్తే మాత్రం నోట్లోంచి తిన్నారా అనే వచ్చేది.

పరీక్ష కంప్యూటర్ల గదిలో పెట్టారు. దుమ్ము పడకూడదని చెప్పులు బయటే విడవాలి. గుమ్మం దగ్గర వంద జతలున్నాయి. లోపల మేడం, ఆమె పక్కన రుద్రూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన ముందు నొక్కితే మోగే గంట. పరీక్షలో ఆయనే బియ్యం కొనే సేటు. మనం వెళ్లి లోడు ఆలస్యం సంగతి చెప్పాలి. రెండు నిమిషాలు. నాకంటే ముందు వెళ్లినవాళ్లు నిమిషంలో చెప్పేసి వస్తున్నారు. అప్పడాలావిడ అర నిమిషంలో తిరిగొచ్చింది.

"దాదా, జల్ది పో. నీ ముచ్చట అయ్యేసరికి నా అప్పడాలు ఎండుతయి."

నాకు నవ్వు రాలేదు. నీళ్లు తాగితే చెమటగా బయటికొచ్చేస్తున్నాయి. మీ లోడు, మీ లోడు అని లోపల అనుకుంటూ గదిలో అడుగు పెట్టాను. నోరు కూడా తెరిచాను. ఇంకొక్క క్షణం ఆగితే పాసైపోయేవాణ్ణి.

"రాండ్రి, కూసోండ్రి" అన్నాడు పెద్దాయన. "ఎక్కడోళ్లు మీరు?"

అంతే. కూర్చున్నాను. మాది ఏ ఊరో చెప్పాను. మీరు తిన్నారా సార్ అని అడిగాను. ఆయన తిన్నానన్నాడు. ఎండలో వచ్చారు, మోకాళ్లేమైనా నొప్పులా అన్నాను. ఆయనకు నిజంగానే నొప్పులున్నాయి. మా మిల్లు పెద్దాయన వాడే నూనె సంగతి చెప్పాను. వాళ్ల వైపు కాలువ చివరి పొలాలకు నీళ్లు అందడం లేదని ఆయన చెప్పాడు. మేడం నా వైపు చూస్తోంది. కళ్లతో చెప్పమంటోంది. నాకు తెలుస్తోంది. చెబుదామనే అనుకుంటున్నాను. కానీ నీళ్లందక బాధపడుతున్న మనిషికి లోడు రాదని ఎలా చెప్పను?

గంట మోగింది.

లేచి దండం పెట్టాను. గుమ్మం దగ్గర నా చెప్పు ఒకటి వెతికి, కాలు పెట్టాను. పెట్టగానే నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అన్నట్టు సార్, మర్చిపోయిన. మీ లోడు వారం లేటైతది. మా మిల్లుల ఆరబెట్టే మిషిన్ ఖరాబైంది. సగం శుక్రవారం పంపుత, సగం బుధవారం. మీకు తకలీఫ్ కాకుండ నేను చూసుకుంట."

మతలబు, కారణం, మేం చేసేది. మూడూ ఉన్నాయి, వరుసగా ఉన్నాయి, ఒక్క ఊపిరిలో ఉన్నాయి. పెద్దాయన కూడా ఆ పద్ధతిలో పెరిగినవాడే. పరీక్ష సంగతి మర్చిపోయి, సరే మరి, శుక్రవారం పొద్దున్నే పంపండ్రి అన్నాడు.

మేడం మాత్రం గంట వైపు చూపించింది. "అన్నా, టైమైపోయింది."

ఫెయిల్. కాంటా, రేకులు, పొట్టు దుమ్ము అన్నీ వరండాలోకి నడిచొచ్చి నా ముందు నిలబడ్డాయి. రెండో చెప్పు దొరకలేదు. వెతుకుతూ ఉండగానే మేడం తనంతట తానే బయటికొచ్చి, అంత బాగా చెప్పినవాణ్ణి ఫెయిల్ చేయడానికి మనసు రావడం లేదని, వచ్చే ఆదివారం ఇంకోసారి పరీక్ష పెడతానని చెప్పింది.

ఆ వారం ఎలా గడిచిందో అడగకండి. అమ్మాయి రెండుసార్లు పరీక్ష ఎలా రాశారు బాబాయ్ గారూ అని అడిగింది. రెండుసార్లూ నేను వానల గురించి మాట్లాడాను. ఆమె ఈ ఊళ్లో పెరిగిన పిల్ల. చెప్పుల్లేని నా కాళ్ల వైపు చూసి తన పనికి వెళ్లిపోయింది. కుర్చీ కాలు కింది అట్టముక్కను తీసి దుమ్ము దులిపి మళ్లీ పెట్టాను, ఇంకెవరికో అప్పగించబోతున్నట్టు.

ఆదివారం ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్లి ఆగిపోయాను. చెప్పులు విడవలేదు. విడవలేదంటే పూర్తిగా కాదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయటి చెప్పులో. పెద్దాయన రాండ్రి అనేలోపే అక్కడినుంచే మొత్తం చెప్పేశాను. మేడం చేతి గడియారం చూసుకుంది.

"అయిపోయిందా అన్నా?"

"అయిపోయింది మేడం."

"మరి లోపటికి రాండ్రి ఇగ."

గట్టెక్కడానికి ఎన్ని మార్కులు కావాలో అన్నే వచ్చాయి. సర్టిఫికెట్ అమ్మాయి చేతిలో పెట్టాను. కుర్చీ మిగిలింది. మా ఆఫీసు గది బయటే చెప్పులు విడుస్తాం; ఇప్పుడు నా బల్ల కింద మాత్రం కాగితం పరిచి ఒక చెప్పు ఉంచుకున్నాను. ఫోన్ మోగగానే కాలు అందులో దూరుస్తాను. మాట వచ్చేస్తుంది. అమ్మాయి దాన్ని చూసింది.

ఇంకో మాట. భాగించుకోమన్న లెక్కలు భాగించుకోండి, కానీ వాటిలో ఏదీ పూర్తి అబద్ధం కాదు. అబద్ధం ఒకటే ఉంది. మేడం తనంతట తాను బయటికి రాలేదు.

ఆ మొదటి పరీక్ష అయ్యాక అందరూ వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర ఆమె చెప్పులు, నా చెప్పులు మిగిలాయి. నేను వరండాలో ఉత్త కాళ్లతో గంటసేపు నిలబడ్డాను; ఈ గంటను భాగించకండి. ఆమె తాళం వేస్తుంటే ఎదురెళ్లాను. తిన్నారా అని అడగలేదు.

"నన్ను ఫెయిల్ చెయ్యకుండ్రి మేడం, నా కుర్చీ పోతది."

ఆమె తాళం వేయడం ఆపి నా వైపు తిరిగింది.

"అన్నా," అంది, "ఇదే ఫస్ట్ లైన్."