గోడ సంగతి ఎవరూ చెప్పలేదు

సిడ్నీకి దక్షిణాన ఉన్న మా పోర్ట్ కెంబ్లాలో ఇటుక పనికి స్లావే పెట్టింది పేరు. ఆయనకు ఇటుకలు చేరవేసే లారీ నాది. స్లావే మాట తక్కువ మనిషి. ఎవరైనా ఆయన పనికి వంక పెడితే మాత్రం ఆ పూట ముద్ద దిగేది కాదు.

పక్కనే ఉన్న వారవాంగ్‌లో డెన్‌హోమ్ అనే బిల్డర్ అపార్ట్‌మెంట్లు కట్టించాడు. ఇటుక పనంతా స్లావేదే. పని పూర్తయ్యాక డెన్‌హోమ్, "వెనక గోడ వంకరపోయింది, డబ్బివ్వను" అని భీష్మించాడు. ఇలాంటి తగువులు మా దగ్గర ముందు ఒక తీర్పరి చేతికి వెళ్తాయి. ఆయన ఇరుపక్షాలూ రాసిచ్చింది చదివి తొందరగా తేల్చేస్తాడు. స్లావేకు డబ్బివ్వాల్సిందేనన్నాడు తీర్పరి. ఆ తీర్పు కొట్టేయమంటూ డెన్‌హోమ్ సిడ్నీలో కోర్టుకెక్కాడు.

విచారణ రోజు స్లావేనీ ఆయన భార్య మెంకానీ నేనే తీసుకెళ్లాను. గోడ ఫోటోలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు స్లావే. వాటిని ఎవరూ అడగలేదు.

చివరికి జడ్జి అన్నారు: "తీర్పరి పొరబడ్డాడేమో, లేదేమో. అది నేను చూడవలసింది కాదు. ఆయనకు తీర్పు చెప్పే అధికారం ఉందా, ఇద్దరి మాటా విన్నాడా అన్నదే ప్రశ్న. ఉంది, విన్నాడు. తీర్పు నిలుస్తుంది."

బయటికి రాగానే స్లావే తన లాయరమ్మను అడిగాడు. "ఇంతకీ గోడ బాగుందన్నట్టా?"

"అది ఈ కోర్టు తేల్చేది కాదండీ. కావాలంటే డెన్‌హోమ్ తర్వాత వేరే దావా వేసుకోవచ్చు. ఈలోగా డబ్బు మీదే."

"అయితే వంకరో కాదో ఎవరూ చెప్పలేదు."

మెంకాకు ఒళ్లు మండింది. "గెలిచినాయన మొహమే ఇలా ఉంటే ఓడినాయన ఎలా ఉన్నాడో! నడవవయ్యా, ఆకలేస్తోంది."

డబ్బొచ్చింది. అయినా ఆయన మనసు కుదుటపడలేదు. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆ గోడ దగ్గరికి వెళ్లి గోడ నిలువు చూసే తూకం గుండు వేలాడదీశాడు. గోడంతా నిటారుగానే ఉంది. నీటి గొట్టం పక్క మూల మాత్రం బొటనవేలంత ఉబ్బింది. స్లావే అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

"ఈ మూల కట్టిన రోజు వాన పడుతోందిరా. డెన్‌హోమ్ మనుషులు తొందరపెట్టారు. నేనూ తొందరపడ్డాను."

మర్నాడు డెన్‌హోమ్ ఆఫీసుకెళ్లాం.

"ఆ మూల విప్పి మళ్లీ కడతాను. ఖర్చు నాదే," అన్నాడు స్లావే.

డెన్‌హోమ్ అనుమానంగా చూశాడు. "ఇదేం కొత్త ఎత్తు? గెలిచావుగా!"

"గెలిచాను. మూల సరిగా లేదు."

"మా లాయర్ని అడగాలి."

"అడుగు. వానలు మొదలవకముందే అడుగు."

ఆ వారంలోనే ఒప్పుకున్నాడు. స్లావే మూల విప్పి కడుతుంటే డెన్‌హోమ్ వచ్చి కాసేపు నిలబడి చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వేరే దావా వేయలేదు. స్లావేకు ఇంకో పనీ ఇవ్వలేదు.

"కోర్టు గెలిపిస్తే ఈయన తిరిగి వెళ్లి ఉచితంగా కూలి చేసొచ్చాడు," అని మెంకా ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది. స్లావే కాదనడు. పెరట్లో పొయ్యి దగ్గర కూర్చుని పచ్చడి కోసం ఎర్ర మిరపకాయలు కాలుస్తుంటాడు.