గుడారం వెనకవైపు కుట్లు

సరదాకి కొండెక్కేవాళ్లను ఆ రోజుల్లో మా సాలూరులో కాస్త తేడా మనుషులుగా చూసేవారు. కొండకి పనుంటే వెళ్లాలి, మొక్కుంటే వెళ్లాలి. ఊరికే మూటలు వీపున కట్టుకుని ఎక్కి, మూడు రోజులు తిరిగి, అవే మూటలతో దిగి రావడమేమిటని అడిగేవారు. మా ఇంట్లో మాత్రం దసరా అంటే అదే. లారీలన్నీ ఆయుధపూజకి స్నానాలు చేసి దండలేసుకుని నిలబడిపోతే, వాటికి టార్పాలిన్లు కుట్టే మా నాన్నకి ఏడాది మొత్తానికీ దొరికే సెలవు అదొక్కటే. ఆ ప్రయాణాలు ఎందుకు ఆగిపోయాయో మా బంధువులందరికీ తెలుసు. తెలిసింది తప్పు. వాళ్లకి చెప్పింది నేనే.

సామానంతా నాన్న చేతిదే. ఎరువుల సంచులు చించి కుట్టిన వీపుసంచులు, వాటికి పాత లారీ ట్యూబు కోసి పెట్టిన పట్టీలు, పాలపొడి డబ్బాతో చేసిన పొయ్యి. బయలుదేరే ముందు గుమ్మానికి స్ప్రింగు త్రాసు వేలాడదీసి ఒక్కొక్క సంచీ తూచేవాడు. నాలుగు కేజీలు దాటితే విప్పాల్సిందే. దువ్వెనని సగానికి విరిచాడు (నాన్నకి, అమ్మ తమ్ముడైన మావయ్యకి, నాకు కలిపి ఆ సగమే). ఉల్లిపాయలు ఇంట్లోనే ఒలిపించేవాడు.

"తొక్క బరువు కొండకెందుకే?" అంటే, "ముందు నీ పొట్ట తూసుకో" అనేది అమ్మ. ఆవిడ ఒక్కసారీ మాతో రాలేదు.

నాన్న గొప్పంతా గుడారంలో ఉండేది. పాడైపోయిన గొడుగుల గుడ్డ ఊరంతా ఏరుకొచ్చి, ముక్కలు కలిపి కుట్టాడు. మడిస్తే చంకలో ఇమిడేది. విప్పితే పెద్ద కాకి రెక్కలు చాచి కూర్చున్నట్టుండేది. ముక్కలెక్కువ కాబట్టి కుట్లూ ఎక్కువే. ప్రతి కుట్టుకీ కొండ సంతలో కొన్న తేనెమైనం రుద్ది, వేడి గరిటె వీపుతో అదిమితేనే నీరాగేది. వాడకంలో అది రాలిపోయేది కాబట్టి ఏటా పండగ ముందు ఆ పని నాది.

విజయనగరంలో డిగ్రీలో చేరాక అది నాకు నామోషీ అయిపోయింది. ఆ ఏడాది ముందువైపు కుట్లకి, అంటే నాన్న తడిమి చూసే వైపు, శ్రద్ధగా రుద్ది, వెనకవైపు వదిలేసి మ్యాట్నీకి పోయాను. మిగిలిన మైనం ముద్దని పెరట్లోకి విసిరేశాను (ఉంచితే దొరికిపోనూ. ఆ మాత్రం తెలివి ఉండేది).

రెండో రోజు మధ్యాహ్నం కొండమీద వాన పట్టుకుంది. గుడారంలో దూరిన కాసేపటికే వెనకవైపు కుట్లు చుక్క చుక్కగా మొదలుపెట్టి, తర్వాత చుక్కలు మానేసి ధారలకి దిగాయి. చోడిపిండి, అదే రాగిపిండి, సంచిలోనే అంబలైపోయింది. మావయ్య సత్తుగిన్నె నెత్తిమీద బోర్లించుకుని, "ఏటి బావా, ఇది గుడారమా, జల్లెడా? బయటే నయం, అక్కడ వాన పైనుంచే వస్తన్నాది" అన్నాడు.

నాన్న నవ్వలేదు. కారుతున్న వైపే చూస్తూ నన్నడిగాడు.

"ఒరే, మైనం రాసినావా?"

"రాసినాను."

"ఎనకాల?"

"ఎనకాలైతే రెండుసార్లు రాసినాను నాన్నా."

ఆయన "అయితే నా సూదే లావయిపోనాది, కన్నాలు పెద్దవైపోనాయి" అన్నాడు.

మావయ్యకి రెండు లారీలుండేవి, నోరు మాత్రం పది లారీలంత. "మా బావ కుట్టిన టార్పాలిన్ కింద సిమెంటు ఏస్కెల్లకండి, దిగీసరికి గోడైపోద్ది" అని లారీలవాళ్లందరికీ చెప్పి నవ్వించాడు. ఆ తర్వాత కొత్త టార్పాలిన్ తీసుకునే ప్రతివాడూ నాన్న ముందే దానిమీద నీళ్లు పోసి చూసేవాడు. మరుసటి దసరాకి నాన్న మోకాళ్ల నొప్పులన్నాడు. త్రాసు వంటింట్లోకి పోయింది. నేనేమో పెళ్లిళ్లలో, పేరంటాల్లో నెత్తిన గిన్నె పెట్టుకుని జల్లెడ గుడారం కథ అభినయించి మరీ చెప్పేవాణ్ని. అందరికంటే ఆఖరున నాన్న కూడా నవ్వేవాడు. అలా పాతికేళ్లు నవ్వాడు.

ఆయన పోయిన ఏడాది అటక సర్దుతుంటే గుడారం దొరికింది. విప్పాను. వెనకవైపు ప్రతి కుట్టు మీదా మైనం ఉంది. గోరుతో గీకితే ఒక పొర, దాని కింద ఇంకో పొర. పై పొరలో ఇసుక రేణువులు, ఒకచోట అతుక్కుపోయిన గడ్డిపోచ. పెరట్లోకి నేను విసిరిన ముద్దే. కొండ దిగిన వారంలోనే నాన్న దాన్ని చూసుకుని ఉంటాడు. నేను చెప్పినట్టే, సరిగ్గా రెండుసార్లు రాశాడు.

మావయ్యకి జరిగింది చెప్పాను. ఎనభై ఏళ్ల మనిషి, నమ్మలేదు. "నీళ్లు పొయ్యి, సూద్దుం" అన్నాడు. డాబామీద గుడారం కట్టి, ఆయన్ని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, వెనకవైపు ఒక బకెట్టు కుమ్మరించాను. రెండోదీ పోశాను.

"పడతన్నాదేటి మావయ్యా?"

"లేదు. తడిస్తే బాగుణ్ణురా" అన్నాడు.

మైనం ముద్ద పారేస్తే ఇక దొరకననుకున్న ఆ తెలివైన కుర్రాడు గుర్తొచ్చి నాకు చిన్నగా నవ్వొచ్చింది. మావయ్య ఇంకా బయటికి రావడం లేదు. బకెట్టు మళ్లీ నింపుకొచ్చాను.